మూడంకెల ఆత్మవిశ్వాసం

ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్‌కు ఆత్మవిశ్వాసం ఎక్కించే పనిని మైదానం బయట కూర్చున్నవాళ్ళందరూ ఒకేసారి చేస్తారు. అమెరికాలో శనివారం పొద్దున ఏ ఊరి పార్కుకు వెళ్ళినా ఇదే పద్ధతి. పన్నెండేళ్ళ పిల్ల వరసగా రెండు బాల్స్, అంటే స్ట్రైక్ హద్దుల్లో పడని బంతులు, వేస్తుంది. మడత కుర్చీల వైపు నుంచి "స్ట్రైక్ వెయ్యి, చాలు!" అని ఒక కేక, "రిలాక్స్!" అని దానికన్నా పెద్ద కేక వస్తాయి. అప్పటిదాకా ఆ పిల్లకు స్ట్రైక్ వెయ్యాలన్న ఆలోచనే లేనట్టు, ఎదుటి జట్టుకు బేసులు దానం చెయ్యడానికే పొద్దున్నే లేచి వచ్చినట్టు. గొంతు చించుకుని అరిచినందువల్ల ఎదుటి మనిషి నిమ్మళించిన సందర్భం ఇంతవరకూ ఏ మైదానంలోనూ కనబడలేదు. అయినా ప్రయత్నం ఆగలేదు.

పిచ్చర్ నిలబడేది ఎనిమిది అడుగుల వ్యాసార్ధమున్న సర్కిల్‌లో. అక్కడి నుంచి హోమ్ ప్లేట్‌కు హైస్కూల్, కాలేజీ ఆటల్లో 43 అడుగుల దూరం. పిల్లల ఆటలో 40, మరీ చిన్నవాళ్ళకు 35. చెయ్యి పూర్తిగా ఒక చుట్టు తిరిగి, తుంటి పక్కన బంతి విడుస్తుంది. గంటకు 65 మైళ్ళతో వచ్చే బంతిని చూసి, తేల్చుకుని, బ్యాటు తిప్పడానికి బ్యాటర్‌కు దొరికేది 0.4 సెకన్లు, కాస్త అటూ ఇటూగా. 2012లో పిచ్చర్ మోనికా ఆబట్ 77 మైళ్ళతో వేసింది. టెక్సస్‌లో ఫ్రిస్కోలోనో ప్లానోలోనో స్థిరపడిన తెలుగు తండ్రి క్రికెట్ కళ్ళతో దీన్ని మొదటిసారి చూసి "అండరార్మే కదా" అంటాడు. 2004లో ఒక ప్రదర్శన పోటీలో సాఫ్ట్‌బాల్ పిచ్చర్ జెన్నీ ఫించ్ ఇదే అండరార్మ్‌తో ఆల్బర్ట్ పూహోల్స్, మైక్ పియాజా వంటి మేజర్ లీగ్ బేస్‌బాల్ వీరులను స్ట్రైకవుట్ చేసి పంపిన సంగతి ఎవరో చెబుతారు. ఆ తరవాత ఆయన ఆ మాట ఎత్తడు. వెళ్ళి బకెట్ కొంటాడు.

బకెట్ గురించి వివరంగా చెప్పక తప్పదు. అయిదారు గ్యాలన్లది, నిండా బంతులు పడతాయి. మూత మీద మెత్త ఉంటుంది. బంతులు తీసి మూత పెడితే పీట అవుతుంది. తండ్రి దాని మీద కూర్చుని, మిట్టు తొడుక్కుని, కూతురు వేసే బంతులు పట్టాలి. మెత్తల్లోనే రకాలున్నాయి: మామూలువి, మందమైనవి, మిలిటరీ రంగువి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే చుట్టూ తిరిగేవి. తిరిగే మూత ఎందుకంటే, పట్టలేకపోయిన బంతి ఎటు పోయిందో లేవకుండా చూడటానికి. చూడటం వరకే, తేవడానికి లేవాల్సిందే. చిన్నప్పుడు బకెట్‌ను నీళ్ళగదిలో చెంబుతో పాటు మాత్రమే ఎరిగిన మనిషి, నలభై అయిదో ఏట దాని మీద కొలువు తీరుతాడు. డ్రాప్ బాల్ సరిగ్గా పడితే మోకాటి చిప్పకు కిందుగా తగులుతుంది, సరిగ్గా పడకపోతే చీలమండకు. కమిలిన కాలును బట్టి అమ్మాయి పురోగతిని అంచనా వెయ్యవచ్చు. బకెట్ గురించి మరొక్క మాట: దాని మీద నెల్లాళ్ళు కూర్చున్నవాడికి పిచ్చింగ్ శాస్త్రం మొత్తం కింది నుంచి పైకి ఎక్కేస్తుంది. అది మొదలు మడత కుర్చీల వాళ్ళంటే అతనికి చులకన. రైజ్ బాల్ నిజంగా పైకి లేస్తుందని వాదిస్తాడు. గాలిలో అది మళ్ళీ పైకి వంపు తిరగదని, అనుకున్నంత కిందికి దిగకపోవడం వల్ల లేచినట్టు అనిపిస్తుందని భౌతికశాస్త్రం తెలిసినవాళ్ళు అంటారు. వాళ్ళకు బకెట్ లేదు కాబట్టి ఆ మాట చెల్లదు.

డగౌట్ గుమ్మంలో ఇంకో బకెట్ ఉంటుంది. దాని మీద కోచ్. ఏ పిచ్ వెయ్యాలో నిర్ణయించేది ఆ బకెట్టే. కోచ్ వేళ్ళతో మూడంకెల సంఖ్య చూపిస్తాడు. హోమ్ ప్లేట్ వెనక ఉండే క్యాచర్ మణికట్టు మీది కార్డులో ఆ సంఖ్య వెతుకుతుంది. చాలా జట్లలో పిచ్చరూ వెతుకుతుంది. రెండు, నాలుగు, ఒకటి అంటే లోపలి వైపు కిందికి డ్రాప్ కావచ్చు. పెద్ద స్థాయి ఆటల్లో ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలూ వచ్చాయి. ఈ ఏర్పాటు తెలివితక్కువదని అనలేం. ఏ బ్యాటర్ దేనికి తడబడుతుందో చెప్పే చార్టులు కోచ్ దగ్గరే ఉంటాయి. కానీ బ్యాటర్ ఈసారి రెండంగుళాలు ముందుకు జరిగి నిలబడిందని క్యాచర్‌కు కనబడినట్టు కోచ్‌కు కనబడదు. ఈరోజు కర్వ్ తిరగడం లేదని మొదట తెలిసేది పిచ్చర్ వేళ్ళకే. చెప్పుకునే వీలు కార్డులో లేదు.

క్రికెట్‌లో ఫీల్డు పెట్టేది కెప్టెన్ అయినా బంతి బౌలర్‌దే. అలా కాక, 1981లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా కెప్టెన్ అయిన అన్న గ్రెగ్ చాపెల్ చెబితే తమ్ముడు ట్రెవర్ ఆఖరి బంతిని నేల మీద దొర్లించాడు. అక్కడ తిట్లలో పెద్ద వాటా చెప్పినవాడికే దక్కింది. సాఫ్ట్‌బాల్‌లో ఆ న్యాయం లేదు. వేగం తగ్గించి వేసే ఛేంజప్ వెయ్యమని నంబరు చూపించి, అది కంచె దాటగానే "నీ మీద నీకు నమ్మకం ఉండాలి" అని పిల్లకు చెబుతారు. ఉప్పు, కారం, మంట అన్నీ అత్తగారే చూసుకుని, కూర మాడితే కోడలి చెయ్యి మంచిది కాదన్నట్టు. నిర్ణయాలన్నీ లాక్కుని నమ్మకం మాత్రం పిల్లనే తెచ్చుకోమనడం కోచింగ్ కాదు, దబాయింపు.

అసలు కోచ్ నిర్ణయం సరైనదైనా చాలదు. 2025 జూన్‌లో ఓక్లహోమా సిటీలో కాలేజీ మహిళల ఫైనల్స్ మొదటి ఆట. టెక్సస్ టెక్ పిచ్చర్ నైజరీ కెనడీ పది లక్షల డాలర్లకు పైబడిన ఒప్పందంతో ఆ జట్టులోకి వచ్చిన మనిషి. ఆరో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి టెక్సస్ బ్యాటర్ రీస్ ఆట్‌వుడ్‌ను కావాలనే నాలుగు బాల్స్‌తో మొదటి బేస్‌కు పంపెయ్యాలనుకున్నారు. దూరంగా వెయ్యాల్సిన బంతి చాలినంత దూరం పోలేదు. ఆట్‌వుడ్ దాన్ని కొట్టేసింది, రెండు పరుగులు వచ్చాయి, టెక్సస్ 2-1తో గెలిచింది. మర్నాడు అదే కెనడీ సర్కిల్‌లోకి వచ్చింది, జట్టు 4-3తో గెలిచింది. మూడో ఆట, దానితో టైటిల్, టెక్సస్‌కే పోయాయి. ఆత్మవిశ్వాసమంటే ఆ రెండో రోజు సర్కిల్‌లోకి నడవడం. అది కప్పుకు పూచీ కాదు.

నేర్పే పద్ధతి తేలికే, చేతులు కట్టుకు కూర్చోవడమే కష్టం. పన్నెండేళ్ళ పిల్లకు ఆరు రకాల పిచ్‌లు అక్కర్లేదు. ఫాస్ట్‌బాల్, ఛేంజప్ చెప్పినచోట పడితే చాలు. నంబరు నచ్చకపోతే తల అడ్డంగా ఊపే హక్కు ఇవ్వాలి. ప్రాక్టీసు ఆటల్లో పిచ్‌లు పిచ్చర్, క్యాచర్ కలిసి ఎంచుకోవాలి. తరవాత "ఎందుకు వేశావు?" అని అడగవచ్చు, నిజంగా తెలుసుకోవడానికైతేనే. ఆ ఎంపిక వల్ల ఒకటి రెండు పరుగులు పోతాయి. పోనివ్వాలి.

ప్రతి బంతి తరవాతా పిల్ల చూపు అంపైర్ కన్నా ముందు నాన్న ముఖం మీదికి పోతుంది. బాలో స్ట్రైకో అక్కడే చదువుకుంటుంది. పదిహేనో ఏట ఒకరోజు అటు చూడటం మానేస్తుంది. ఏళ్ళ తరబడి "కాన్ఫిడెంట్‌గా వెయ్యి నాన్నా" అని అరిచింది దీనికోసమేనని ఆయనకు తట్టదు. పొగరు వచ్చిందేమోనని ఇంట్లో వాకబు చేస్తాడు. హైస్కూల్ తరవాత చాలామంది బంతి పట్టరు. మోకాళ్ళ నొప్పి మాత్రం తండ్రికి మిగులుతుంది.

కోచ్‌లకు ఒక విన్నపం: ఓడినా ఫరవాలేని ఒక ఆదివారం ఆటలో, ఒక్క ఇన్నింగ్స్ ఆ కార్డు జేబులో పెట్టుకోండి. తల్లిదండ్రులకు ఇంకొకటి: పొద్దుతిరుగుడు గింజలు దగ్గర పెట్టుకోండి. నోటి నిండా గింజలున్న మనిషి "రిలాక్స్" అని అరవలేడు.