బ్రోచర్ తనఖా పెట్టుకోరాదు?

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో కిలో బెండకాయలు తూచే తక్కెడకి కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. లేకపోతే బండివాడికి జరిమానా. ఆ మార్కెట్ నుంచి నాలుగడుగులు వేస్తే మెట్రో పిల్లర్ మీద ఒక బిజినెస్ స్కూలు బోర్డు: ‘హైయెస్ట్ ప్యాకేజ్ 24 లక్షలు’. దాన్ని ఏ రాయితో తూచారని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ బోర్డు చూసి బోల్తా పడ్డది మా బావ. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు బోగీలు బాగుచేసిన మనిషి. బోల్టు వదులైతే చప్పుడు విని చెప్పేస్తాడు. అలాంటివాడు, బీకాం పూర్తిచేసి ఇరవై వేల జీతానికి కాల్‌సెంటర్లో చేరబోతున్న కొడుకుని ఆపి, “జర ఓపిక పట్టు బిడ్డా, ఎంబీఏ చేస్తే బతుకే మారుతది” అన్నాడు. తోడుగా నన్ను కూడా కాలేజీకి లాక్కెళ్లాడు.

ఏసీ గది. ముందు బాదం పాలు వచ్చాయి, వెనకే బ్రోచర్ వచ్చింది. కౌన్సెలర్ అమ్మాయి మా మేనల్లుడి కంటే రెండేళ్లు పెద్దదేమో.

“ఫీజు అనకండి అంకుల్, ఇన్వెస్ట్‌మెంట్ అనండి. మొత్తం 10 లక్షలు. మా యావరేజ్ ప్యాకేజ్ 6 లక్షలు. రెండేళ్లు తిరక్కుండా పెట్టుబడి వెనక్కి వచ్చేస్తుంది.”

బావ కాసేపు ఆలోచించాడు. “గా రెండేండ్లు పోరడు బువ్వ తినడా బిడ్డా?”

ఆ ప్రశ్నకి బ్రోచర్లో జవాబు లేదు. మేనల్లుడు నా కాలు తొక్కాడు.

ఈ ‘యావరేజ్’ మహిమ కొంచెం చూడాలి. పదిమందిలో తొమ్మిదిమందికి 4 లక్షల చొప్పున, ఒక్కడికి 24 లక్షలు వస్తే సగటు సరిగ్గా 6 లక్షలు. అబద్ధం ఒక్కటి కూడా లేదు. కాకపోతే ఆ 6 లక్షలు అందుకున్న మనిషి క్లాసులో ఒక్కడూ ఉండడు. ఇక ఉద్యోగం దొరకనివాణ్ణి లెక్కలోంచే తీసేస్తే సగటు ఇంకా నిగనిగలాడుతుంది.

పోనీ 4 లక్షలే వచ్చాయనుకుందాం. అది కూడా జీతం కాదు, సీటీసీ, అంటే కంపెనీకి అతని మీద అయ్యే మొత్తం ఖర్చు. అందులో ‘పెర్ఫార్మెన్స్ బాగుంటే’ ఇచ్చే వేరియబుల్ ఉంటుంది, కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది, అయిదేళ్లు నిలబడితే తప్ప ముట్టుకోలేని గ్రాట్యుటీ ఉంటుంది, ఇన్సూరెన్స్ ప్రీమియం ఉంటుంది. అన్నీ పోను, నెలకి 200 ప్రొఫెషనల్ టాక్స్ కూడా కోసేశాక, చేతికొచ్చేది సుమారు 24 వేలు.

ఇప్పుడు తక్కెడ రెండోవైపు చూడండి. 10 లక్షల అప్పు, పదిన్నర శాతం వడ్డీ. చదివే రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ కట్టనక్కర్లేదు అంటారు. కిస్తీకే సెలవు, వడ్డీకి సెలవు లేదు. సగం ఫీజు మొదటి ఏడాది, మిగతా సగం రెండో ఏడాది తీసుకున్నా, మొదటి కిస్తీ కట్టేనాటికి బాకీ 12 లక్షల 60 వేలు దాటుతుంది. ఏడేళ్లకి పరిస్తే నెలకి 21 వేల పైచిలుకు. 24 వేలలోంచి 21 వేలు తీస్తే మిగిలేది మేనేజ్‌మెంట్ పట్టా. రెండేళ్లు కాల్‌సెంటర్లో వచ్చి ఉండే 4 లక్షల 80 వేలని నేనింకా తక్కెట్లో వెయ్యలేదు.

“పైగా 80ఈ కింద లోన్ వడ్డీ మీద టాక్స్ బెనిఫిట్ కూడా ఉంది అంకుల్!” అంది అమ్మాయి. ఉంది. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు, పాత విధానంలోనే. అసలు 4 లక్షలవాడికి కట్టాల్సిన పన్నే లేదు. బట్టతలవాడికి దువ్వెన మీద డిస్కౌంట్ అన్నమాట.

మొత్తం తతంగంలో తెలివైనవాళ్లు బ్యాంకువాళ్లే. ఏడున్నర లక్షలు దాటితే తనఖా కావాలన్నాడు మేనేజరు. బావకున్నది మౌలాలిలో రెండు గదుల ఇల్లు. బ్రోచర్ బల్లమీద పెట్టి, “ఆరు లక్షల ప్యాకేజ్ పక్కా అంటున్నరు సార్, గిదే తనఖా పెట్టుకోరాదు?” అన్నాడు. మేనేజరు నవ్వి, బ్రోచర్‌ని భద్రంగా మడిచి తిరిగిచ్చేశాడు. ఇంటి కాగితాలు అడిగాడు. అప్పిచ్చేవాడు నమ్మని మాటని తీర్చేవాడు నమ్మాలట!

ఎంబీఏ వద్దని కాదు. ఐసెట్ రాసి ఉస్మానియా కామర్స్ కాలేజీలో సీటు కొట్టినవాడి లెక్క వేరు. నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి గచ్చిబౌలి ఐఎస్‌బీలో చేరేవాడి లెక్క వేరు. వాళ్ల జీతాలు చూపించి బీకాం కుర్రాడికి సీటు అమ్మడం దగ్గరే నా పేచీ.

అమెరికాలో 2015 నుంచి ప్రభుత్వమే కాలేజ్ స్కోర్‌కార్డ్ పేరుతో, ఏ కాలేజీలో చదివినవాళ్లకి అప్పెంత, సంపాదనెంత అని పక్కపక్కన పెట్టి చూపిస్తోంది. మన దగ్గర కూడా మరీ చీకటేం లేదు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు కోరే ప్రతి కాలేజీ తన మీడియన్ జీతం, అంటే వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డవాడి జీతం, రాసివ్వాలి. ఆ పీడీఎఫ్‌ని తమ వెబ్‌సైట్లో పెట్టాలి. పెడతారు కూడా, ఏ మూలనో. పిల్లర్ మీదికి మాత్రం హైయెస్టే ఎక్కుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఏడు చేరబోతుంటే, ఆ మధ్యవాడి చేతికి నెలకి ఎంత వస్తోందో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసిమ్మనండి. మేం అడిగాం. ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉన్నారన్నారు.