24వ తారీఖు కాఫీ

మా పెద్దమ్మ ఇంట్లో కాఫీ ఎప్పుడొస్తుందో తెలియాలంటే గడియారం పనికిరాదు, క్యాలెండరు చూడాలి. 26న తెల్లవారుజామున ఐదున్నరకే పొగలు కక్కుతూ మంచం దగ్గరికి వస్తుంది. 24న ఏడున్నరైనా రాదు. వచ్చినా అడుగంటిన వాసన. డిగ్రీ చదువుకని గుంటూరులో ఆవిడింట్లో దిగిన కొత్తల్లో ఈ లెక్క నాకు బోధపడలేదు. పాలవాడి బాకీకీ నెలాఖరుకీ ఏదో లంకె ఉందనుకున్నాను. మూడో నెలలో పెద్దనాన్న పేపరు మడిచి పక్కనపెట్టి రహస్యం విప్పాడు.

"ఇవాళ 119 రా అబ్బాయ్. పోయి బయట తాగిరా."

సంగతేమిటంటే, బైబిల్లో కీర్తనలు 150. రోజుకి ఐదు చొప్పున చదివితే నెలకి సరిపోతాయి. పెళ్ళయిన నాటినుంచీ పెద్దమ్మది ఇదే పద్ధతి. నాలుగున్నరకి లేచి, మొహం కడుక్కుని, పొయ్యి మీద పాలు పెట్టి, వంటింటి గట్టు పక్కన పీట వేసుకుని ఐదూ పాడి, ఆ ఐదింటి మాటలతోనే ప్రార్థన చేసుకుని లేస్తుంది. 26న వచ్చేవి 126 నుంచి 130. ఐదూ కలిపి 33 వచనాలే. 24న వచ్చేవి 116 నుంచి 120. అందులో 117 రెండే వచనాలు, మొత్తం గ్రంథంలో అన్నిటికన్నా పొట్టిది. దాన్ని చూసి మురిసిపోయేలోపు 119 వచ్చి మీద పడుతుంది. 176 వచనాలు. హీబ్రూలో అక్షరాలు 22, అక్షరానికి ఎనిమిదేసి. తెలుగు బైబిల్లోనూ ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఆ అక్షరాల పేర్లు అచ్చువేస్తారు. పెద్దమ్మ వాటినీ వదలదు, రాగం తీస్తుంది. మొత్తం 233 వచనాలు పూర్తయ్యేసరికి పాలు పొంగి, పొయ్యి ఆరి, పిల్లి వచ్చి చూసి వెళ్ళిపోతుంది.

మరి చాలా రోజుల్లో పాలు ఎందుకు పొంగవు? దీనికీ కారణం గ్రంథంలోనే ఉంది. కీర్తనల్లో అక్కడక్కడా "సెలా" అనే మాట వస్తుంది, 71 చోట్ల. దాని అర్థం పండితులకి ఇప్పటికీ తేలలేదు. పాట ఆపి కాసేపు ఊరుకోమని కావచ్చని ఎక్కువమంది ఊహ. పెద్దమ్మకి ఆ సందేహం ఎప్పుడూ లేదు.

"సెలా అంటే పాలు చూసుకోమని," అంటుంది. సెలా రాగానే లేచి మంట తగ్గించి మళ్ళీ కూర్చుంటుంది. సరదాగా ఒకసారి వెతికాను: 119లో ఒక్క సెలా కూడా లేదు.

ఈవిడ మా ఇంటికే ప్రత్యేకమని కొన్నాళ్ళు గర్వపడ్డాను. తర్వాత తెలిసింది, ప్రతి సంఘంలోనూ ఒకావిడ ఉంటుంది. జిప్పు బైబిలు, దాని సందుల్లో ఏటేటా జనవరి 1న పంచిన వాగ్దానపు కార్డులు, కళ్ళజోడు డబ్బాలో కానుక చిల్లర, చేతిలో అట్ట ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. గృహ కూటంలో కీబోర్డు వాయించే కుర్రాడికి ఈవిడంటే హడల్. ఈవిడ పాట ఎత్తుకున్న శ్రుతి ఏ మెట్టు మీదా ఉండదు. రెండు మెట్ల మధ్య సందులో ఉంటుంది. పాపం వాడు ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడుముకుని దొరకబుచ్చుకునేలోపు ఈవిడ మూడో చరణంలో ఉంటుంది, పైగా ఇంకో శ్రుతిలో.

పాట విషయంలో పెద్దమ్మకి ఒక చిక్కుండేది. పాత క్రైస్తవ కీర్తనలకి, అంటే 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు రాసినవాటికి, పుస్తకంలో పైనే రాగం, తాళం వేసి ఉంటాయి. పాడేవాళ్ళకి బెంగలేదు. దావీదు కీర్తనలు అలా కాదు. తెలుగు బైబిల్లో అవి గద్యం, అదీ పాతకాలపు గ్రాంథికం. తాళానికి లొంగవు. పెద్దమ్మ లొంగదీసింది. ఏ మాటని ఎంత సాగదియ్యాలో, ఏ "ను"ని ఎక్కడ మింగాలో ఆవిడకే తెలుసు. ఓ పొద్దున చాపమీద పడుకుని వింటుంటే ఆవిడ 100వ కీర్తన వరస ఎక్కడో విన్నట్టు తోచింది. రెండు రోజులు బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది. అది 'మిస్సమ్మ'లోది.

"పెద్దమ్మా, నువ్వు సినిమాలు చూడవుగా?"

"జన్మలో చూళ్ళేదు."

"మరి ఈ వరస?"

ఆవిడ మొహంలో తడబాటు లేదు. వాళ్ళూళ్ళో ప్రార్థన మందిరం వెనకే టూరింగు టాకీసు ఉండేదట. ఆట మొదలయ్యేముందు మైకులో రోజూ పాటలు. "నేను టిక్కెట్టు కొన్నానా? గాలికొచ్చింది, చెవిలో పడింది," అంది.

మాట కూడా ఆవిడది బైబిలు తెలుగే. పాలవాడు ఆలస్యము చేసెను, కరెంటు పోయెను, నీ కంచము కడిగితివా. ఆవిడ బైబిలు అంచుల్లో అదే భాషలో ఇంటి చరిత్ర రాసుంటుంది. 34వ కీర్తన పక్కన "పెద్దవాడు పరీక్ష తప్పెను". 40 పక్కన "పెద్దవాడు మరల తప్పెను". 66 పక్కన "గ్యాసు బండ వచ్చెను, స్తోత్రము". రెండు వైఫల్యాలకి లేని స్తోత్రం గ్యాసు బండకి ఎందుకని అడక్కండి. బండకి చీటీ రాసి మూడు వారాలు ఎదురుచూసినవాళ్ళకి తెలుస్తుంది.

దావీదు గురించి మాట్లాడేటప్పుడు మేనల్లుడి గురించి మాట్లాడినట్టే ఉంటుంది. "పాపం, కొండలంటా గుహలంటా తిరిగి తిరిగి ప్రాణం విసిగిపోయింది పిల్లాడికి." 11న 51వ కీర్తన వస్తుంది, దావీదు తన తప్పు ఒప్పుకుని ఏడ్చినది. ఆ రోజు పాట వంటింట్లోంచి హాల్లోకి బాగా వినపడేలా ఉంటుంది. "రాజయ్యుండి ఒప్పుకున్నాడు. కొంతమంది గుమాస్తా పని చేసి కూడా ఒప్పుకోరు." పెద్దనాన్న పేపరు ఇంకాస్త ఎత్తి పట్టుకుంటాడు.

నాకు మాత్రం 22వ తారీఖంటే ఇష్టం. ఆ రోజు 109 వస్తుంది. శత్రువుని తిట్టిపోసే కీర్తన. ఎంతటి భక్తులూ దాన్ని గబగబా దాటేసేవాళ్ళే. పెద్దమ్మ దాటదు. ఒక ఏడాది చీటీల మనిషి ఒకడు వీధి మొత్తానికి టోపీ పెట్టి పోయాడు. పెద్దమ్మ రెండేళ్ళు కట్టిన చీటీ గోవింద. ఆ 22న నేను కావాలని త్వరగా లేచి వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆవిడ ఆ కీర్తనలో "వాడు" అని ఉన్న ప్రతిచోటా ఆ మనిషి పేరు పెట్టి పాడుతోంది. ఉత్త పేరు కాదు, ఇంటిపేరుతో సహా.

"ఇంటిపేరెందుకు పెద్దమ్మా?"

"ఊళ్ళో ఆ పేరుతో నలుగురున్నార్రా. పొరపాటు జరక్కూడదు."

వాడి పదవి వేరొకడికి పోవాలన్నచోట గొంతు బాగా లేచింది. తర్వాతి వచనాలు వాడి పిల్లలు దిక్కులేనివాళ్ళయి అడుక్కుతినాలనే ధోరణిలో ఉంటాయి. అక్కడికొచ్చేసరికి పాట ఆగింది. సెలా కూడా లేదక్కడ. కళ్ళజోడు పైకి తోసుకుని కప్పువైపు చూసి, "పిల్లల్ని వదిలెయ్యి ప్రభువా. చిన్నది మన సండే స్కూలుకి వస్తది," అంది. రెండు వచనాలు దాటేసింది. ఆ తర్వాతిది, అప్పులవాడు వాడి ఆస్తంతా పట్టుకుపోవాలన్నది. దాన్ని రెండుసార్లు పాడి, "అప్పులవాళ్ళలో మొదటిదాన్ని నేనేనని గుర్తుంచుకో," అని చేర్చింది.

చీటీ డబ్బులు రాలేదు. ఆ చిన్నది మాత్రం ఆ ఏడు కంఠత వాక్యాల పోటీలో రెండో బహుమతి కొట్టింది. నేర్పింది పెద్దమ్మే.

ఎవరన్నా ఊరెళ్తుంటే 121. గడప దాటనివ్వదు, ఎనిమిది వచనాలూ పాడాల్సిందే. బయట ఆటో ఆగుంటుంది, రైలు టైమవుతుంటుంది, మనం ఒంటికాలి మీద నిలబడుంటాం. ఆ వీధి ఆటో సాయిబుకి ఇది అలవాటే. ఇంజను ఆపేసి, చేతులు కట్టుకుని చివరిదాకా విని, "ఆమీన్. ఎక్కండి," అంటాడు. నేనెక్కాల్సిన రైలు రెండుసార్లు తప్పిపోయింది. రెండుసార్లూ ఆవిడ, "చూశావా, ఏ కీడూ తగలకుండా ఇంటికొచ్చావు," అంది.

ఫిబ్రవరి సంగతి చెప్పలేదు కదూ. 28తో నెల తెగిపోతుంది, పది కీర్తనలు మిగిలిపోతాయి. ఇంకెవరైనా అయితే మార్చికి జరుపుకుంటారు. ఈవిడ 28న పదిహేనూ లాగించేస్తుంది. భయపడకండి, లెక్కేశాను: 204 వచనాలే, 24కన్నా నయం. పైగా ఆ రోజు 136 ఉంది. అందులో 26 వచనాలకీ చివర ఒకటే పల్లవి. అది ఇంట్లో ఉన్నవాళ్ళందరూ కలిసి అనాలని చట్టం. ఫరో సముద్రంలో పడ్డా, బాషాను రాజు ఓగు చచ్చినా మేం పళ్ళు తోముకుంటూ అదే పల్లవి అన్నాం.

ఒకసారి నా చదువు చూపించుకుందామని చెప్పాను: "పెద్దమ్మా, 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టని ఒకాయన ఉండేవాడు. ఆయన మఠంలో వాళ్ళు 150 కీర్తనలూ వారంలో పూర్తిచేసేవాళ్ళు. నువ్వు నెల తీసుకుంటున్నావు."

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "వాళ్ళకి వంటెవరు చేసేవాళ్ళు?"

ఇరుక్కున్నాను. నిజం చెప్పక తప్పలేదు. "వాళ్ళలో వాళ్ళే, వారానికొకరు వంతులేసుకుని."

"వంతులా," అని హాల్లోకి చూసింది. "వంతులుంటే నేనూ వారంలో పూర్తిచేస్తా."

ఆ నెల 24న కాఫీ ఆరున్నరకే వచ్చింది. పెద్దనాన్న పెట్టాడు. ఎవరూ తాగలేకపోయాం గానీ, ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ 24వ తారీఖు కాఫీ ఆయన వంతే అయింది. చివరి రెండేళ్ళు బాగానే పెట్టాడు.

ఆయన పోయినప్పుడు అందరూ వచ్చారు. అయ్యగారు 23 చదివారు. సంఘం ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, "విశ్వాసులం, ఏడవకూడదమ్మా," అన్నారు. పెద్దమ్మ ఏమీ అనలేదు. 18వ తారీఖున ఇద్దరు మళ్ళీ వచ్చి అదే మాట అన్నారు. ఆవిడ జిప్పు తీసి 88 దగ్గర బైబిలు విప్పి ఒకావిడ ఒళ్ళో పెట్టింది. "చదువు." మిగతా విలాప కీర్తనలు దాదాపు అన్నీ ఎంత ఏడ్చినా చివర్లో ఎక్కడో ఒకచోట తేరుకుంటాయి. 88 తేరుకోదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. ఆ వచ్చినావిడ చివరిదాకా చదివి ఊరుకుంది. "ఇదీ ఇందులోదే," అంది పెద్దమ్మ. తర్వాత లోపలికి వెళ్ళి వాళ్ళకి టీ పెట్టింది. ఆ రోజు ఐదింటిలో దేన్నీ పాడలేదు, చదివిందంతే.

తర్వాతి నెలనుంచి మళ్ళీ పాటే. 24న కాఫీ మళ్ళీ ఏడున్నర దాటాకే.

మీరెప్పుడైనా గుంటూరు వస్తే మా పెద్దమ్మ ఇంటికి రండి, కానీ తారీఖు చూసుకుని రండి. 24 అయితే టిఫిను తినేసి రండి. ఆవిడకి బాకీ ఉన్నవాళ్ళు 22న ఆ వీధికే రావద్దు. అన్నిటికన్నా 30 మంచిది. ఆ రోజు 150, బూరలు, తాళాలు, తంబుర అన్నిటితో దేవుణ్ణి స్తుతించమనేది. ఇంట్లో అవేవీ లేవు. మీ చేతికి ఒక స్టీలు గిన్నె, గరిటె ఇస్తుంది. మొహమాటపడకుండా వాయించండి, తప్పు వాయించినా ఏమీ అనదు.