శ్రీహరికోటకు వానల్లోనే రండి

సూళ్లూరుపేట వైపు ఎప్పుడు రావాలని ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: వానలు వెలిశాక, సంక్రాంతి దాటాక, లేదంటే పిల్లలకు సెలవులిచ్చాక. నా సలహా దానికి పూర్తిగా తలకిందులు. చిత్త కార్తె మొదలు జ్యేష్ఠ కార్తె దాకా, అంటే అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు సగం వరకు, టీవీలో అల్పపీడనం మాట వినబడే రోజుల్లోనే రండి. ఈ నేలను బతికించేవి ఆ వానలే. అవి పడుతుండగా చూడనివాళ్లు ఈ ఊరిని సగమే చూసినట్టు.

తక్కిన జిల్లాలకు జూన్‌లో వానాకాలం మొదలవుతుంది. ఇక్కడ లెక్క వేరు. నైరుతి మబ్బులు చాలావరకు పడమటి కనుమల్లోనే కురిసేసి, ఈ తీరానికి వచ్చేసరికి తేలికపడిపోతాయి. గాలి మళ్లి ఈశాన్యం నుంచి వీచాలి, బంగాళాఖాతం తేమను మోసుకురావాలి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. పులికాట్ సరస్సు లోతు చాలాచోట్ల నడుముకైనా రాదు. కాబట్టి ఆ మూడు నెలల్లో నిండుతుంది, రోహిణి కార్తె నాటికి మన రాష్ట్రం వైపు చాలా మేర ఎండిపోతుంది. మే సెలవుల్లో పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లకు శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌కు వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా పగిలిన ఉప్పునేల కనబడుతుంది. సరస్సు ఎక్కడని పిల్లలు అడిగితే చెప్పడానికేమీ ఉండదు. ప్రయాణం పెట్టుకునేటప్పుడు ఎండ ఎంత ఉందని కాదు, నీళ్లు ఎంత ఉన్నాయని అడగండి.

ఆ సంగతి కాళంగి ఏరు చెబుతుంది. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి ఆ ఏటి ఒడ్డునే ఉంది. రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకునే గుడి అదే. దర్శనమయ్యాక కాసేపు ఏటి వైపు చూడండి. నీళ్లు కదులుతుంటే సరస్సు నిండుతోందన్నమాట. ఇసుకే కనబడితే ఇంకో వారం ఆగి రండి.

ప్రయోగం తేదీ చూసుకుని టిక్కెట్లు కొనకండి. ఇది చాలామందికి మింగుడుపడదని తెలుసు. 1971 అక్టోబరులో చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన చోటు ఇది, చూడాలని ఎవరికుండదు? కానీ ప్రయోగం తేదీ మన చేతిలో లేదు, ఒక్కోసారి షార్ చేతిలో కూడా ఉండదు. మంగళయాన్ 2013 అక్టోబరు 28న ఎగరాల్సింది. దాన్ని గమనించాల్సిన ఓడలు దక్షిణ పసిఫిక్‌లో వాతావరణం బాగాలేక సమయానికి చోటుకు చేరలేకపోయాయి. ప్రయోగం నవంబరు 5కు మారింది. ఎక్కడో ఫిజీ దగ్గరి గాలివాన సూళ్లూరుపేటలో గది తీసుకున్నవాళ్ల లెక్కలన్నీ మార్చేసింది. రాకెట్ కోసమే వచ్చినవాళ్లు అలాంటప్పుడు ఉసూరుమంటూ వెనక్కి పోతారు. సరస్సు కోసం వచ్చినవాళ్లకు ఆ బాధ లేదు. ప్రయోగం జరిగితే అది కొసరు.

వానల్లో రాకెట్లు ఎగరవనీ అనుకోకండి. 2008 అక్టోబరు 22 తెల్లవారి 6:22కు చంద్రయాన్-1 వెళ్లింది చిత్త కార్తెలోనే. చినుకులకు రాకెట్ ఆగదు, ఆపేది పిడుగుల భయం. ప్రయోగాన్ని దగ్గర్నుంచి చూసే గ్యాలరీకి మాత్రం ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

పక్షుల విషయంలోనూ జనం చేసేదానికి ఎదురుగా వెళ్లండి. అందరూ ఫ్లెమింగోల కోసం వాటి పేరిట జరిపే పండుగ రోజుల్లో వస్తారు. మీరు ముందు దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు వెళ్లండి, అదీ నవంబరు చివర్లో. చెరువు నీళ్లలో మునిగి నిలిచిన చెట్లు, వాటి మీద గూడబాతుల గూళ్లు, రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లబడిన కొమ్మలు. తల్లి వచ్చి వాలగానే పిల్ల తన ముక్కునే కాదు, తలను కూడా తల్లి గొంతులోకి దూర్చేసి చేపను లాక్కుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు తల్లిని పొడిచి చంపుతోందేమో అనిపిస్తుంది. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఇక్కడి రైతులకు తెలుసు, అందుకే ఊరు ఈ పక్షుల జోలికి పోదు. ఈ సంబంధం మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. చెరువు నిండితేనే గూళ్లు నిలుస్తాయి. అందుకే వానలు సరిగా పడుతున్నప్పుడు వెళ్లమంటున్నాను.

ఫ్లెమింగోలకు మాత్రం పండుగ హడావుడి అయిపోయాక, ఫిబ్రవరిలో ఇంకోసారి రండి. ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లు వడగట్టుకునే పక్షికి లోతు తక్కువుండాలి. నీరు తగ్గేకొద్దీ అవి ఒకచోట గుమిగూడతాయి. అటకానితిప్ప దగ్గర బండి ఆపి ఇంజన్ కట్టేయండి, హారన్ అసలు వద్దు. మోకాలిలోతు నీళ్లలో వంగి చేత్తో తడుముతూ రొయ్యలు పట్టే యానాదులు కనబడతారు. షార్ రాకముందు శ్రీహరికోట అడవి వాళ్ల ఊరు. అడక్కుండా ఫోన్ ఎత్తి ఫొటో తీయకండి.

మదనపల్లె వైపు హార్స్‌లీకొండకూ నా సలహా ఇదే. ఏనుగు మల్లమ్మ కొండ మీద 1870 ప్రాంతంలో కడప కలెక్టర్ హార్స్‌లీ ఇల్లు కట్టుకున్నది ఎండకు తాళలేక. ఆయన అవసరం ఆయనది. దాన్ని పట్టుకుని మనం ఇప్పటికీ మే నెలలోనే సుమారు 1,265 మీటర్ల ఎత్తుకు కార్లు వరసకట్టి ఎక్కడమేమిటి? సముద్రం మీది తేమగాలి కొండకు తగిలి పొగమంచుగా దిగేది అక్టోబరు, నవంబరుల్లో. ఎదుటి మనిషి కనబడకపోయినా సరే, అప్పుడే వెళ్లండి. చల్లదనం కోసమైతే మంచి ఏసీ గది చాలు.

గొడుగు తెచ్చుకోకండి, ఈ గాలికి నిలవదు. రెయిన్‌కోటు, రబ్బరు చెప్పులు, ఫోనుకు ప్లాస్టిక్ కవరు, దుర్భిణి ఉంటే అది. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లున్నాయి, సొంత కారు అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం మొండితనం పనికిరాదు. వాన వేరు, తుఫాను వేరు. వాతావరణశాఖ తుఫాను హెచ్చరిక ఇచ్చిందంటే ఇంట్లోనే ఉండండి. బయల్దేరి ఉంటే వెనక్కి తిరగండి. పొంగుతున్న వాగులోకి బండి దింపకండి, ఎంత చిన్న వాగైనా సరే. హెచ్చరిక తీసేశాక రెండు రోజులాగి, రోడ్లు తెరిచారో లేదో కనుక్కుని, మూడో రోజు పొద్దున రైలెక్కండి.