కొనడం వచ్చింది, కుదర్చడం పోయింది

మా రోజుల్లో కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు తాలూకాలూ కలిపినా బేస్ గిటార్ ఉన్న పాటల పార్టీలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండేవి. ఇవాళ కుర్రాడు ఇంటర్ పాసైతే చాలు, ఫోన్లో ఆర్డర్ పెడితే వారం తిరక్కుండా అట్టపెట్టెలో బేస్ గుమ్మంలోకి వచ్చేస్తోంది. రావడం మంచిదే. మేం పడ్డ పాట్లు వాళ్లు పడక్కర్లేదు. నా బాధల్లా ఒక్కటే. కొనడం అందరికీ వచ్చింది, కొన్నదాన్ని కుదర్చడం మాత్రం ఎవరికీ పట్టడం లేదు. నెక్ వంగినా, స్ట్రింగులు తుప్పుపట్టినా, పన్నెండో ఫ్రెట్టు దగ్గర స్వరం తప్పినా అలాగే వాయించేస్తున్నారు. అది విసుగొచ్చి ఇంకోటి కొంటున్నారు. దాన్నీ ఏడాదిలో అదే దారి పట్టిస్తున్నారు.

బేస్ విషయంలో ఈ అశ్రద్ధ ఎందుకు పనికిరాదో చెబుతాను. లీడ్ గిటార్ అపశ్రుతి పలికితే జనం ఆ గిటార్‌నే తప్పుపడతారు. బేస్ అపశ్రుతి పలికితే పాడేవాళ్లే శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. ఎక్కడ తేడా కొడుతోందో ఎవరికీ తెలీదు, కచేరీ మొత్తం మాత్రం చెడుతుంది. దానికున్నవి నాలుగు స్ట్రింగులు, మందపుదాన్నుంచి వరసగా ఇ, ఏ, డి, జి. అందులో ఇ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. వీణ మీద అనుమంద్ర పంచమం కూడా అంత కిందికి దిగదు. అంత కింద ఉన్న స్వరం తిన్నగా ఉంటేనే పైనున్నవన్నీ తిన్నగా నిలబడతాయి.

1950లు, 60ల్లో మద్రాసులో రికార్డయిన మన సినిమా పాటల్లో ఈ పని డబుల్ బేస్ చేసేది. ఆరడుగుల ఎత్తు వాద్యం, నిలబడి వాయించాలి, ఫ్రెట్లుండవు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. 34 అంగుళాల స్కేలు, వేలు ఎక్కడ నొక్కాలో చూపించే ఫ్రెట్లు, భుజానికి తగిలించుకుని బస్సెక్కగలిగే బరువు. దాంతో వాయించేవాడి బతుకే మారిపోయింది. మన పాటల్లో ఆ వాద్యానికి పెద్దపీట వేసింది ఇళయరాజా. ఆయన బృందంలో శశిధరన్ బేస్ వాయించిన తీరు విని నేర్చుకున్న తరం మాది. ‘అభినందన’ (1988), ‘గీతాంజలి’ (1989) వచ్చాక తీర్థాల్లో జనం ఆ పాటలే అడిగేవారు. వాటిల్లో గాయకుడి కింద బేస్ తన దారిన తాను ఇంకో వరస నడుపుతుంది. అది లేకుండా వాయిస్తే పాట బోసిపోయేది. మా పార్టీలు బేస్ కోసం వెతుకులాట మొదలెట్టింది అప్పుడే.

వెతకడం అంటే మాటలు కాదు. కోనసీమకి రైలు లేదు. బస్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరి, సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మద్రాసు. మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్, 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైన కొట్టు. అక్కడ విదేశీ వాద్యాలు కళ్లారా చూసుకోవడమే, చేతికందే ధరలు కావు. 1991కి ముందు దిగుమతి సుంకాలు అలా ఉండేవి. మనకి అందేవి కలకత్తాలో చేసిన గివ్‌సన్ లాంటివి, లేదంటే స్టూడియోల్లో వాయించేవాళ్లు వదిలించుకునే పాతవి. నేను కొన్నది అలాంటి పాతదే.

డబ్బు తక్కువ కాబట్టి కొనేముందు పరీక్ష ఎక్కువ. ఒక కన్ను మూసి, తల వైపు నుంచి నెక్ పొడవునా చూపు సారించాలి. మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వద్దనుకోవాలి. వంపుని సరిచేయొచ్చు గానీ మెలిని సరిచేయడం మన వల్ల అయ్యే పని కాదు. తర్వాత నాలుగు స్ట్రింగుల మీదా ఒక్క ఫ్రెట్టు వదలకుండా నొక్కి వాయించాలి. ఎక్కడ గరగరలాడినా, ఎక్కడ స్వరం చచ్చిపోయినా వేలికి తెలుస్తుంది. పన్నెండో ఫ్రెట్టు మీద వేలు తాకించి హార్మోనిక్ వినాలి, అక్కడే నొక్కి మళ్లీ వినాలి. రెండూ ఒకే స్వరం పలకాలి. కొట్టువాడు విసుక్కున్నా సరే, ఇదంతా అయ్యాకే జేబులో చెయ్యి పెట్టేవాళ్లం. ఇప్పుడు రంగు చూస్తున్నారు, స్టార్లు చూస్తున్నారు, డబ్బు కట్టేస్తున్నారు. వాద్యాన్ని ముట్టుకునేది సొమ్ము చెల్లించాకే.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలయ్యేది. మద్రాసులో తిన్నగా ఉన్న నెక్ మన ఊళ్లో తిన్నగా ఉండదు. రెండు పక్కలా గోదావరి పాయలు, మూడో పక్క సముద్రం, గాలి నిండా చెమ్మ. చెక్క ఆ చెమ్మ పీలుస్తుంది. వానాకాలంలో నెక్ ముందుకి వంగి స్ట్రింగులు పైకి లేస్తాయి, వేళ్లు నొప్పెడతాయి. ఎండలు ముదిరాక అది వెనక్కి పోయి స్ట్రింగులు ఫ్రెట్లకి తగిలి బజ్ కొడతాయి. అంతర్వేది వైపో ఓడలరేవు వైపో ఉండేవాళ్లకి ఉప్పుగాలి అదనం, స్ట్రింగులు చూస్తుండగానే ఎర్రబారతాయి. అందుకే వాయించడం అవగానే పొడిగుడ్డతో ఒక్కో స్ట్రింగూ పైనా కిందా తుడిచి గానీ పెట్టెలో పెట్టేవాళ్లం కాదు. కొత్త సెట్టు కావాలంటే మద్రాసు వెళ్లేవాళ్ల కాళ్లావేళ్లా పడాలి. అందుకని జిడ్డుపట్టి మోత పోయిన స్ట్రింగుల్ని విప్పి, నీళ్లలో మరగబెట్టి, బాగా ఆరబెట్టి మళ్లీ వేసుకునేవాళ్లం. కొన్ని ప్రోగ్రాంల దాకా ఆ మోత తిరిగొచ్చేది. నెక్ తల దగ్గరుండే నట్ అరిగిపోతే ఎముక ముక్కని ఆకురాయితో రాసి, స్ట్రింగు కూర్చునే గాడి మనమే కోసుకోవాలి. గాడి లోతైతే బజ్, పైపైన ఉంటే మొదటి ఫ్రెట్టే హెచ్చు పలుకుతుంది. పిసరు రాయడం, స్ట్రింగు వేసి వినడం, మళ్లీ రాయడం. పూట పట్టినా అలాగే చేసేవాళ్లం.

1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఎవరూ మర్చిపోలేరు. మనుషులు పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మా ఇంటి పెంకులు లేచిపోయి గిటార్ పెట్టె నిలువునా తడిసింది. స్ట్రింగులు వదులు చేసి, వైర్లు, పికప్పులు విప్పి, ఎండ సోకకుండా గాలాడేచోట బల్లమీద పడుకోబెట్టి వారాల తరబడి ఆరనిచ్చాను. తొందరపడి ఎండలో పెట్టినవాళ్ల వాద్యాలు అతుకులు విడిపోయాయి. నాది బతికింది. ఓపిక ఒక్కటే దాన్ని కాపాడింది.

ఇప్పుడు ఆ ఓపికే కరువైంది. మొన్నామధ్య మా వీధి కుర్రాడొకడు సంచి భుజానేసుకుని వచ్చాడు.

“మాస్టారూ, ఇది ఒకటే బజ్ కొడుతోందండి. దీన్ని అమ్మేసి ఐదు స్ట్రింగులది తీసుకుంటానండి. ఈఎంఐ ఇస్తున్నారండి.”

“ముందు దాన్నిలా ఇవ్వరా. కొనడం తర్వాత చూద్దువుగాని.”

ఇ స్ట్రింగుని మొదటి ఫ్రెట్టు దగ్గరా చివరి ఫ్రెట్టు దగ్గరా నొక్కిపట్టి, మధ్యలో ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర చూశాను. స్ట్రింగు ఫ్రెట్టుకి ఆనుకుపోయి ఉంది. అక్కడ విజిటింగ్ కార్డు మందాన సందు ఉండాలి, మిల్లీమీటరులో మూడో వంతు. దాన్ని కొలవడానికి బైక్ మెకానిక్ టాపెట్లు చూసుకునే ఫీలర్ గేజ్ సరిపోతుంది. నెక్‌లో ఉండే ట్రస్ రాడ్‌ని ఎల్ కీతో పావు చుట్టు వదులు చేసి, మళ్లీ శ్రుతి చేసి, రేపు రమ్మన్నాను.

“ఇంకొంచెం తిప్పేస్తే ఇప్పుడే అయిపోతుంది కదండీ. వీడియోలో అలాగే చేశారండి.”

“చెక్క సర్దుకోవడానికి రాత్రంతా పడుతుందిరా. బలవంతం చేస్తే మర పోతుంది. మర పోతే ఆ నెక్ ఎందుకూ కొరగాదు.”

మర్నాటికి సందు వచ్చింది. అప్పుడు బ్రిడ్జి దగ్గర ఎత్తు సవరించాను. పన్నెండో ఫ్రెట్టు పైన ఇ స్ట్రింగుకి రెండున్నర మిల్లీమీటర్లు, జి స్ట్రింగుకి రెండు. ఇది వాడి చేతికి సరిపోయిన కొలత. గట్టిగా మీటేవాడికి ఇంకొంచెం ఎత్తు కావాలి. వీడియోలో చూపిన కొలత మక్కీకి మక్కీ పెట్టుకోవడమంటే పక్కవాడి కళ్లజోడు పెట్టుకోవడమే. కొత్త స్ట్రింగులు వేశాక చివరి పని బ్రిడ్జి మీద స్ట్రింగులు ఆనే శాడిళ్లు. నొక్కిన స్వరం హార్మోనిక్ కన్నా హెచ్చుంటే శాడిల్‌ని వెనక్కి జరపాలి, తగ్గుంటే ముందుకి. నాలుగూ కుదిరాక వాడి చేతికిచ్చాను. పైనుంచి కింది దాకా ఒక వరస వాయించి, “ఇది నాదేనాండీ!” అన్నాడు. వాడికైన ఖర్చు ఒక సెట్టు స్ట్రింగులు. అమ్మే ఆలోచన మానుకున్నాడు.

ఐదో స్ట్రింగు వద్దనడం లేదు. కావలసిన పాటలున్నాయి, వాయించగల చేతులున్నాయి. కానీ ఆ బి స్ట్రింగు పలికేది 31 హెర్ట్జ్ దగ్గర. ఇంట్లో వాడుకునే చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ ఆ స్వరాన్ని నిండుగా పలికించలేదు. నిండుగా పలకని స్వరానికి వేలకి వేలు ఎందుకు పొయ్యాలి? బాగు చేసుకోవడానికి ఒక వరస ఉంది. మొదట కొత్త స్ట్రింగులు. తర్వాత సెటప్. తర్వాత మంచి ఆంప్లిఫయర్. తర్వాతే పికప్పులు. ఇవన్నీ అయ్యాక కూడా చేతికి చాలకపోతే అప్పుడు కొత్త గిటార్. ఇప్పుడు ఈ వరసని తలకిందులు చేసి, చివరిదాన్ని మొదట కొంటున్నారు.

ఈ మధ్య డబుల్ బేస్ కొంటామనే పిల్లలు కూడా తగులుతున్నారు. చాలా సంతోషం. రెహమాన్ 2008లో చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ పెట్టాక పాశ్చాత్య వాద్యాల మీద మన పిల్లలకీ ఆశ పుట్టింది. కానీ కోనసీమలో ఉంచుకునే డబుల్ బేస్‌ని ఆచితూచి కొనాలి. సాధారణంగా దొరికే త్రీ ఫోర్త్ సైజు చాలు. స్ప్రూస్, మేపుల్ చెక్క చెక్కి చేసినది గొప్పగా పలుకుతుంది, కానీ ఏసీ గదిలోంచి మన ఉక్కలోకి, ఉక్కలోంచి ఏసీలోకి తిప్పితే అతుకులు విడుతుంది, పగుళ్లిస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకి ప్లైవుడ్‌దే మేలు. స్ట్రింగులు మార్చేటప్పుడు ఒకటి తీసి ఒకటి వెయ్యాలి. అన్నీ ఒక్కసారి విప్పేస్తే లోపల నిలబెట్టే సౌండ్ పోస్ట్ అనే కర్ర పడిపోవచ్చు. దానికి జిగురుండదు, స్ట్రింగుల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. బ్రిడ్జికి ఎత్తు సవరించే మరలు పెట్టించుకుంటే వానాకాలానికో ఎత్తు, వేసవికో ఎత్తు సర్దుకోవచ్చు. ఇవి తెలియకుండా లక్షలు పోసి కొంటే అది మూలన నిలబడి దుమ్ము పట్టడం ఖాయం.

ఇంకో మాట కూడా చెప్పాలి. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరితే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ ఇప్పుడు ఏ ఊళ్లో ఏ ఊరేగింపు చూసినా డీజే బాక్సులే. గుండె మీద గుద్దినట్టు అదిరే ఆ దడదడనే పిల్లలు బేస్ అనుకుంటున్నారు. అందులో స్వరం ఏదో చెప్పమనండి, చెప్పలేరు. స్వరం వినడం మరిచిన చెవికి, తన గిటార్ శ్రుతిలో లేదని ఎలా తెలుస్తుంది? మా రోజుల్లో టేప్ రికార్డర్ స్పీకరుకి చెవి ఆనించి, పాటని పదేపదే వెనక్కి తిప్పి బేస్ వరస ఏరుకునేవాళ్లం. బ్యాటరీలు నీరసిస్తే స్వరం దిగిపోతుంది కాబట్టి హార్మోనియంతో సరిచూసుకునేవాళ్లం. చెవికి పని పెట్టాం కాబట్టే చెవి పదునెక్కింది. ఇవాళ పాటలోంచి బేస్‌ని విడదీసి వినిపించే యాప్‌లే ఉన్నాయి. అయినా చెవి పెట్టరు, ఫ్రెట్ల అంకెలు చూసి వేళ్లు పెడతారు.

ఇవాళ కోనసీమలో వారం వారం బేస్ వాయించే పిల్లలున్నారంటే అది చర్చిల పుణ్యం. ప్రతి ఆదివారం పాడేవాళ్ల వెనక నిలబడి వాయించక తప్పదు, అందుకే వాళ్ల చేతిలో పొందిక ఉంది. పెళ్లిళ్లు చేయించేవాళ్లు, తీర్థాల కమిటీలు కూడా ఆర్కెస్ట్రా పిలిచేటప్పుడు కీబోర్డు ఎడమచేత్తో సరిపెట్టనివ్వకుండా, బేస్ వాయించే మనిషి ఉన్నాడా అని అడగాలి. అడిగితేనే ఆ కుర్రాళ్లకి కూలి గిడుతుంది.

వీణ బాగుచేయించుకోవాలంటే బొబ్బిలి వెళ్లొచ్చు. ఏక పనస మానులో వీణ తొలిచే చేతులు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. మన దగ్గర బేస్‌కి అలాంటి చెయ్యి తయారు కాలేదు. మేం పార్టీ వాళ్లం ఎవరికి వాళ్లం చేసుకున్నాం, ఒకరికొకరం నేర్పుకున్నాం, అంతే. మా తరం పోతే ఆ కాస్తా పోతుంది. అమలాపురంలో ఒకరు, రాజోలులో ఒకరు, కొత్తపేటలో ఒకరు ఈ పని పట్టుకున్నా చాలు, మూడు చోట్లా బతుకుతెరువు దొరుకుతుంది. సంగీత పాఠశాలలు వాయించడంతో పాటు వాద్యం కాపాడుకోవడం కూడా నేర్పాలి. నా మటుకు నేను నేర్పడానికి సిద్ధం. ఎల్ కీల సెట్టు, ఫీలర్ గేజ్, ఆకురాయి, స్కేలు చాలు. ఇంకో గిటార్‌కి డబ్బు కట్టేముందు ఇంట్లో ఉన్నదాన్ని పట్టుకుని నా దగ్గరికి రండి. దాన్ని మీ చేతుల్తోనే కుదిర్చి, శ్రుతిలో పెట్టుకుని వెళ్లండి.