మార్చి 31లోగా క్యాన్సర్ నయం కావాలి

దాతలకు ముందుగా దణ్ణం. క్యాన్సర్ వచ్చిన పిల్లల మీద దయ లేనివాడు ఈ దేశంలో భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. పారిశ్రామికవేత్తకు చట్టం విధించిన దయ ఉంది. సినిమా హీరోకు పుట్టినరోజు నాటి దయ ఉంది. నాయకుడికి ఫ్లెక్సీ సైజును బట్టి పెరిగే దయ ఉంది. సెప్టెంబరు వచ్చిందంటే కోటు మీద బంగారు రిబ్బను, కట్టడాల మీద బంగారు లైట్లు. ఇంత దయ పొంగిపొర్లుతున్న చోట ఒక డాక్టరు నోరు తెరిచి, "పరిశోధనకు డబ్బు కావాలండీ" అన్నాడో, హాలు మొత్తం ఒక్కసారిగా వాచీ చూసుకుంటుంది.

చెక్కు ఇచ్చే సభ ఎప్పుడైనా చూశారా? పదింటికి రావలసిన ముఖ్య అతిథి పన్నెండున్నరకు వస్తారు. అప్పటిదాకా వార్డులోంచి తెచ్చిన ఒక బాబు ముందు వరుసలో వీల్‌చైర్‌లో కూర్చుని ఉంటాడు. ఏడేళ్లుంటాయేమో. గుండు, ముక్కు మీద మాస్కు, ఎడమచేతికి కాన్యులా, అది ఊడకుండా ప్లాస్టరు. కీమో ఎక్కించాక తెల్లకణాలు పడిపోయాయని, జనంలోకి తీసుకెళ్లొద్దని సిస్టర్ చెప్పి చూసింది. "రెండే నిమిషాలమ్మా" అన్నారు. జ్యోతి వెలిగింది. శాలువాలు కప్పడం అయింది. అప్పుడు ఆరడుగుల ఫ్లెక్సీ చెక్కు వచ్చింది. "మాస్కు కాస్త కిందికి లాగండమ్మా, మొహం కనబడాలి" అన్నాడు ఫొటోగ్రాఫరు. చెక్కు మీది సున్నాలకు బాబు తల అడ్డం వస్తోంది. చెక్కు జరగలేదు, బాబును జరిపారు.

ఆ చెక్కుతో ఏమొస్తుంది? వార్డు గోడల మీద ఏనుగులు, జిరాఫీలు వస్తాయి. ఆటగది వస్తుంది. దాని గుమ్మం మీద దాతగారి తల్లిదండ్రుల పేర్లతో గ్రానైటు పలక వస్తుంది. రెండేళ్ల తర్వాత ఇంకో దాత వస్తే అవే ఏనుగుల మీద కొత్త ఏనుగులు పడతాయి. పిల్లలకు బొమ్మలు ఉండాల్సిందే, ఎవరూ కాదనరు. ఏనుగుకు పడిన రంగు మళ్లీ మళ్లీ పడుతుంటే, ఆ బాబుకు ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చే పనికి పైసా పడకపోవడమే విడ్డూరం.

ఏటా జనవరి 12న మన ఫోన్లన్నీ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటోలతో నిండిపోతాయి. 1895లో అదే రోజు భీమవరంలో పుట్టిన మనిషి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 16 మందికి ఇస్తే 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది, మళ్లీ తిరగబెట్టింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మన ఊరి క్యాన్సర్ వార్డుల్లో పిల్లలకు పడుతూనే ఉంది.

ఆ సుబ్బారావు గారే ఇవాళ బతికుండి, ఫైలు చంకన పెట్టుకుని ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగం మెట్లెక్కారనుకోండి.

"లబ్ధిదారులు ఎంతమంది సార్?"

"పదహారు మందండీ."

"పదహారు వేలా?"

"కాదండీ, పదహారే."

"నయమైనవాళ్లు?"

"పదిమందికి కొన్ని నెలలు తగ్గింది. తర్వాత తిరగబెట్టింది."

"అంటే ఇంపాక్ట్ లేదన్నమాట. పోనీ, మా ఫ్యాక్టరీ ఉన్న మండలం పిల్లలు ఎంతమంది?"

"ఒక్కరూ లేరండీ. రోగం మండలం చూసుకుని రాదు కదా."

"మా బోర్డు ఎక్కడ పెడతారు?"

"మందు సీసా మీద చోటు తక్కువండీ."

"సరే, మార్చి 31లోగా యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వగలరా?"

ఫైలు వెనక్కి వస్తుంది. జనవరి 12న అదే కంపెనీ ఆయన ఫొటోకు దండేసి, 'జగతికి వెలుగునిచ్చిన తెలుగు బిడ్డ' అని పోస్టు పెడుతుంది.

ఫొటోలు, ప్రచారం తప్పని ఎవరన్నారు? ఆ విద్యలో ఫార్బర్ మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. 1948 మే 22 రాత్రి అమెరికాలో ఒక రేడియో కార్యక్రమం ఆయన ఆస్పత్రి గదిలోని ఒక కుర్రాణ్ని జనానికి పరిచయం చేసింది. పేరు 'జిమ్మీ' అన్నారు, అది పెట్టుడు పేరు. ఊరి బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు మంచం చుట్టూ చేరారు. పిల్లవాడు ఆట చూడ్డానికి టీవీ కావాలి, 20 వేల డాలర్లు వస్తే టీవీ కొనిస్తాం అన్నారు. రెండు లక్షల డాలర్ల పైచిలుకు వచ్చిపడ్డాయి. పిల్లవాడికి టీవీ వచ్చింది. మిగతా సొమ్ము గోడల మీద ఏనుగులకు పోలేదు. దాంతో మొదలైన నిధి మీదే 1952లో పిల్లల క్యాన్సర్ పరిశోధనకు, వైద్యానికి ఒక భవనం లేచింది. వాళ్లు పిల్లవాడి గొంతు వినిపించి ప్రయోగశాల కట్టుకున్నారు. మనం పరిశోధన అనే మాట చూపించి ఫొటో దిగుతున్నాం. జిమ్మీగా పేరుబడ్డ ఐనార్ గుస్తాఫ్సన్ 2001 దాకా బతికాడు.

అసలు చిక్కంతా ఏమిటంటే, పరిశోధన ఫొటోకు పనికిరాదు. 1960ల మొదట్లో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలు దాదాపు అందరూ పోయేవారు. ఇవాళ సంపన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిది మంది బతుకుతున్నారు. ఈ మధ్యలో ఆకాశం నుంచి సంజీవని ఏమీ ఊడిపడలేదు. ఇప్పుడు వాడే మందుల్లో చాలాభాగం 1970ల నాటికే ఉన్నాయి. ఏ మందు తర్వాత ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు, ఏ పిల్లకు ఎక్కువ, ఏ పిల్లకు తక్కువ అని దశాబ్దాల తరబడి వేల మంది పిల్లల లెక్క రాసి, సరిచూసి, మళ్లీ రాసి సాధించిన గెలుపది. రిజిస్టర్లు నింపేవాళ్లు, ఫోన్లు చేసేవాళ్లు, గణాంకాలు తేల్చేవాళ్లు గెలిచిన గెలుపు. వాళ్లకు శాలువా కప్పి ఫొటో తీస్తే పేపర్లో ఎవరు వేస్తారు?

అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ అతికిద్దామంటే కుదరదు. మన పిల్లలు బక్కచిక్కి, రోగం ముదిరాక వస్తారు. అదే మోతాదు ఇస్తే క్యాన్సర్ కంటే ముందు ఇన్ఫెక్షనే ప్రాణం తీయవచ్చు. అందుకే కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, చెన్నై, చండీగఢ్ ఆస్పత్రులు కలిసి 'ఐసికిల్' పేరుతో మన పిల్లలకు సరిపడే పద్ధతిని పరీక్షించడం మొదలుపెట్టాయి. ఇంకో శత్రువు కూడా ఉంది: మధ్యలో మానేయడం. ముంబై టాటా మెమోరియల్‌లో ఒకప్పుడు దాదాపు అయిదుగురిలో ఒకరు వైద్యం మానేసి వెళ్లిపోయేవారు. ఉండే చోటు, దారిఖర్చులు, రాని కుటుంబానికి ఫోన్ చేసి పిలిచే మనుషులు ఏర్పడ్డాక ఆ సంఖ్య బాగా పడిపోయింది. కొత్త మాత్ర ఒక్కటీ రాకుండానే పిల్లలు బతికారు. ఆ ఫోన్ చేసే మనిషికి జీతం అడగండి, "జీతాలకు ఇవ్వం సార్, అది ఓవర్‌హెడ్" అంటారు.

ఈ మాట చట్టంలో ఉందా అంటే లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అందులో 5 శాతం హద్దు కంపెనీ సొంత సీఎస్ఆర్ ఆఫీసు నిర్వహణకే, ఆస్పత్రిలో పని చేసే మనిషి జీతానికి కాదు. ఉన్న హద్దును తమ మీంచి తీసి పిల్లల మీద వేయడం మన దాతల ప్రతిభ. సొంత ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని చట్టం అంటే, పొలిమేర దాటితే పాపమని చదువుకున్నారు. పోనీ, చట్టమూ తక్కువ తినలేదు. కొనసాగే ప్రాజెక్టుకు అది ఇచ్చే గడువు మొదలైన ఏడు పోను మూడేళ్లే. ల్యుకేమియా పిల్లకు వైద్యమే రెండు నుంచి మూడేళ్లు. ఆ తర్వాత తిరగబెట్టిందా లేదా అని ఏళ్ల తరబడి చూడాలి. చివర్లో చేరిన పిల్లకు కీమో పూర్తికాకముందే గ్రాంటు పూర్తవుతుంది. క్యాన్సర్ కణాలు కూడా ఆర్థిక సంవత్సరం చూసుకుని విభజన చెందితే ఎంత బాగుండేది!

దయ ఉన్నచోట దారి కూడా ఉంటుందని అమెరికా పార్టీలు ఒకసారి చూపించాయి. మెదడులో కణితితో పదేళ్లకే పోయిన గాబ్రియెల్లా మిల్లర్ పేరుతో 2014లో అక్కడ చట్టం వచ్చింది. పార్టీల జాతీయ సమావేశాలకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఆపేసి, పదేళ్లలో 12.6 కోట్ల డాలర్లు పిల్లల వ్యాధుల పరిశోధనకు మళ్లించమన్నారు. మన పార్టీలను ఒక్క బహిరంగ సభ కటౌట్ల ఖర్చు ఇమ్మని అడిగి చూడండి. ఇస్తారు, ఆ కటౌట్లను ఆస్పత్రి గేటు దగ్గర పెట్టనిస్తే.

ప్రపంచంలో ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు క్యాన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, పేద దేశాలు చాలావాటిలో 30 శాతం కూడా దక్కడం లేదు. 2030 నాటికి కనీసం 60 శాతం మందిని బతికించుకుందామని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే లక్ష్యం పెట్టింది. ఆ అంతరంలో పోతున్న పిల్లలకు కావలసిన మందులు చాలావరకు ఎప్పుడో కనిపెట్టేశారు. వాటిని మన పిల్లల ఒంటికి సరిపెట్టే చాకిరీకే దాత దొరకడం లేదు.

కాబట్టి దాతగారూ, ఈ మార్చిలో చెక్కు రాయబోయే ముందు ఆస్పత్రివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "అయిదేళ్ల కింద మీ దగ్గర చేరిన పిల్లల్లో ఇవాళ ఎంతమంది బతికున్నారు?" జవాబు ఠక్కున చెప్పారా, నిశ్చింతగా డబ్బివ్వండి. చెప్పలేకపోయారా, ఆ జవాబు రాసిపెట్టే మనిషికి అయిదేళ్ల జీతం ఇవ్వండి. గ్రానైటు పలక మాత్రం వద్దు.