తుమ్మెద స్వరము

నా జన్మస్థానము బాలి ద్వీపమున క్లుంగ్‌కుంగ్ సీమలోని తిహింగన్ గ్రామము. అచ్చట తరతరములుగా గామెలాన్ వాద్యబృందములకు కంచు పోయుచు వచ్చిన పాండె వంశీయుల కొలిమియే నా పురిటిగది. పదిపాళ్ల రాగికి ఇంచుమించు మూడుపాళ్ల తగరము చేర్చి కరగించిన ఆ మూసలోనే, పగిలి మూగవోయిన పాతవాద్యముల తునకలను గూడ మా కంచరి వేసెను గనుక, నేను పుట్టితిననుటకంటె మరల పుట్టితిననుటయే నిజము. నన్ను గాంగ్స యందురు. పనసకఱ్ఱ పీఠముమీద తోలుత్రాళ్లకు వ్రేలాడు పది కంచుపలకలు, ఒక్కొక్కదాని క్రింద ఆ స్వరమునకు తగిన పొడవున నిలిపిన వెదురుగొట్టము, ఇదియే నా శరీరము. పలకను బోర్లించి నడుమ అరగదీసినచో స్వరము దిగును, కొనలయందు అరగదీసినచో ఎక్కును. మా కంచరి ఒక్క రాపుడు రాచి, పలకను చెవియొద్ద మ్రోగించుకొని, తల యడ్డముగా నూపి మరల ఆకురాయి నందుకొనుట నాకు కలిగిన మొదటి జ్ఞాపకము.

అతడు వెదకుచున్నది శ్రుతి కలియుట గాదు, కొలిచినట్లు కలియకుండుట. మా లోకమున వాద్యములు కవలలుగానే పుట్టును. నాకంటె ఇసుమంత హెచ్చుశ్రుతిగల నా తోబుట్టువు పెంగిసెప్, అనగా పీల్చుకొనునది. తగ్గుశ్రుతిగల నేను పెంగుంబాంగ్, తుమ్మెదవలె ఝుమ్మనునది. మమ్మిద్దరిని ఒకే స్వరముపై ఒక్కమారు కొట్టినచో, ఆ చిన్న అంతరమువలన నాదము సెకనునకు ఆరేడు మారులు ఉబ్బి తగ్గుచు, గాలిలో అలలవలె కదలును. ఆ కంపనమును మావారు ఓంబక్, అనగా అల, అని పిలుతురు. తంబురా గుఱ్ఱముమీద నూలుపోగు సవరించి జీవ పలికించు తెలుగు గాయకులకు ఈ రహస్యము వేరుగా చెప్పనక్కరలేదు.

నేనుండు మండపమునకు గోడలు లేవు. చూరు దాటిన వరిమడులే. వాన వెలసిన రాత్రి సాధనకు కూర్చున్నప్పుడు, కోతెకాన్ అను అల్లికలో ఒక వాదకుడు విడిచిన సందును మరియొకడు పూరించుచుండగా, ఈ గట్టు కప్పలు ఊపిరి తీయు సందున ఆ గట్టు కప్పలు బెకబెకలాడుచుండును. ఎవరు ఎవరియొద్ద నేర్చిరో నాకు తెలియదు. పక్షులను తోలుటకు నిలిపిన పిండెకాన్ గాలిమరలు టకటకలాడును. కన్నములు తొలిచి నిలువున నాటిన సునారి వెదుళ్లలో గాలి దూరి, ఏ మనుష్యుని పెదవియు తాకకయే పాడును. సంగీతమునకు ప్రకృతిధ్వనులను జోడించుట క్రొత్త విద్య యని ఎవరైన నన్నప్పుడు నాకు వింత తోచును. మాకు వానిని విడదీయుటయే క్రొత్త.

సంవత్సరమున కొకదినము నేను శ్రోతను మాత్రమే. మా శకసంవత్సరాదియైన న్యెపినాడు నిప్పు రాజేయరు, పనికి పోరు, గడప దాటరు. విమానాశ్రయము సైతము మూతపడును. 2023 మార్చి 22న తెలుగు లోగిళ్లలో ఉగాది పచ్చడి కలుపుచుండిన ఉదయముననే మాకును న్యెపి వచ్చెను. 1945వ శకవర్షము ఉభయులయిండ్లను ఒక్కమారే ప్రవేశించెను. మీరు పంచాంగశ్రవణము చేయుచుండ, మేము నిశ్శబ్దశ్రవణము చేసితిమి. ఆ దినమున కాలువనీరు ఒక మడినుండి మరియొక మడికి జారు చప్పుడు గూడ నాకు విడివిడిగా వినవచ్చెను.

మా స్వరములను యంత్రములలో పట్టుట నిన్నమొన్నటి మాట గాదు. 1928లో ఓడియన్, బెకా సంస్థలవారు వచ్చి మా పెద్దల వాదనమును లక్కపళ్లెములకెక్కించిరి. అందు ఒక్కొక్క ప్రక్కకు మూడు నిమిషములే పట్టును. నా కాలమున ఒకానొకడు, నిద్రకు, ధ్యానమునకు అనువైన సంగీతము కూర్తునని, నన్నొక్కదానినే ఎరువు తీసికొనిపోయి, మెత్తలు తాపిన గదిలో కొట్టించి, ఎక్కడిదో సెలయేటి చప్పుడును తరువాత దానిక్రింద పఱచెను. నా స్వరము పలికెను, అల లేదు. కవలను విడిచిన తుమ్మెదకు ఝంకార మెక్కడిది? ఆ దినమున నేననుభవించిన ఒంటరితనమును నేటికిని మఱువజాలను.

పిమ్మట మా స్వరములను పట్టవచ్చిన యువతి యొకతె తొలుత పదిదినములు ఏ యంత్రమును విప్పలేదు, గట్లవెంట తిరిగి వినెను. ఒక సాయంకాలము వాన నిలిచిన వెనుక ఒక మైకును చూరుక్రింద, వేరొకదానిని వరిగట్టుమీద నిలిపి, మా కవలల నిద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టించి, నన్ను వాయించు వృద్ధునితో, "తాతగారూ, ఈమారు ఎడమచేయి ఆనించకుడు, పలికినది తానుగా పోవువరకు పోనిండు" అనెను. ఎడమచేతి వ్రేళ్లతో పలకను పట్టి, మునుపటి స్వరమును మాన్పుచునే తదుపరిస్వరము కొట్టుట మా వాద్యమునకు ప్రాణవిద్య. అరువదేండ్లుగా ఆ చేతికి వేఱొండు తెలియదు. అతడు కొట్టెను, నా తోబుట్టువును పలికెను. అల లేచెను, పలుచబడెను, ఎచ్చట నేను ముగిసి ఎచ్చట కీచురాళ్లు మొదలయ్యెనో నాకే తెలియరాలేదు. నా స్వరము యొక్క తుదను నేను వినుట అదియే మొదలు. కన్నెత్తి చూచితిని గదా, అలవాటున లేచిన ముదుసలి యెడమచేయి, నా పలకకు జానెడు దూరమున, గాలిలో అట్లే నిలిచియుండెను.