రెప్పపాటుకు అందని వెలుగు

నేను ఫ్లాష్‌ని. నా ఒంట్లో జినాన్ వాయువు నింపిన చిన్న గాజు గొట్టం, దాని వెనక ఒక కెపాసిటర్ ఉంటాయి. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు అందించే కరెంటును సుమారు 300 వోల్టుల దాకా పెంచి దాచుకుంటాను. కెమెరా బటన్ నొక్కగానే ఆ దాచుకున్నది గొట్టంలోంచి ఒక్కసారిగా దూకుతుంది. అదే నా వెలుగు.

మా వంశానికి పెద్దదిక్కు హెరాల్డ్ ఎడ్జర్టన్. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యుడు. గిర్రున తిరిగే యంత్రాలు నిలబడి ఉన్నట్టు కనిపించేలా 1930లలో మా వెలుగుకు పదును పెట్టాడు. పాలచుక్క పడగానే కిరీటంలా పైకి లేచిన ఆ ప్రసిద్ధ ఫొటో ఆయన 1957లో తీసిందే. సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో ఓడ ‘కాలిప్సో’ ఎక్కి సముద్రం లోతుల్ని కూడా ఫొటోలు తీశాడు. ఓడలో వాళ్లు ఆయన్ను ‘పాపా ఫ్లాష్’ అని పిలుచుకునేవారు. నీళ్లతో మాకు చుట్టరికం అప్పటినుంచే ఉంది.

నన్ను కొనుక్కున్నది హైదరాబాదులో ఉండే ఒక అమ్మాయి. ఆమె అక్వేరియంలో జీబ్రా డానియోలు ఉన్నాయి. ఇవి మన ఉపఖండపు చేపలే. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వెలువరించిన పుస్తకంలో వీటిని తొలిసారి వర్ణించాడు. సుమారు నాలుగు సెంటీమీటర్ల ఒళ్లు, తోక దాకా సాగే నీలి చారలు. క్షణం కుదురుగా ఉండవు. అందుకే వాటిని ఫొటో తీయడం కష్టం.

చేప సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. కెమెరా షట్టర్ సెకనులో 200వ వంతు తెరుచుకుంటే, ఆ లోపే చేప ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిగిపోతుంది. పొలుసుల గీతలు అలుక్కుపోవడానికి అది చాలు. షట్టర్ వేగం ఇంకా పెంచుదామంటే, చాలా కెమెరాల్లో సెకనులో 200 లేదా 250వ వంతు దాటాక తెర ఒకేసారి పూర్తిగా తెరుచుకోదు. నా వెలుగు ఫొటోలో కొంతమేరే పడుతుంది.

అక్కడే నా పని మొదలవుతుంది. నా శక్తిని తగ్గించడమంటే నేను వెలిగే కాలాన్ని కత్తిరించడమే. పూర్తి శక్తితో వెలిగితే దాదాపు సెకనులో వెయ్యో వంతు ఉంటాను. బాగా తగ్గిస్తే 20,000వ వంతులోనే ఆరిపోతాను. ఆ వ్యవధిలో అదే చేప జరిగేది 0.015 మిల్లీమీటర్లు. అందుకే ఆమె నన్ను తగ్గించి, నీళ్లకు దగ్గరగా పెడుతుంది. లెన్స్ ద్వారాన్ని ఎఫ్/11కి కుదించి, షట్టర్‌ను 200 దగ్గరే ఉంచుతుంది. గదిలోని వెలుతురు ఫొటోలో దాదాపు పడదు. చేపను నిలబెట్టేది నా వెలుగొక్కటే.

నన్ను కెమెరా మీద పెడితే అక్వేరియం అద్దం నన్నే తిరిగి చూపిస్తుంది, మరకలూ గీతలూ బయటపెడుతుంది. అందుకే నా చోటు అక్వేరియం పైన. నది మీద ఎండ పడినట్టు నేను పైనుంచి పడితేనే ఆ నీలి చారలు మెరుస్తాయి. చేపల చర్మకణాల్లోని గ్వానిన్ స్ఫటికాలు వెలుగును వెనక్కి పంపడంవల్లే ఆ మెరుపు.

ఆమె పద్ధతి నాకు చాలా ఇష్టం. ముందు రోజే నీళ్లు మారుస్తుంది. అప్పటికప్పుడు మారిస్తే సన్నని బుడగలు అద్దానికి అంటుకుంటాయి. సబ్బు ముట్టకుండా మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తుంది. లెన్స్‌ను అద్దానికి లంబంగా పెడుతుంది. ఏటవాలుగా చూస్తే గాజూ నీరూ వెలుగును వంచి బొమ్మను మసకబారుస్తాయి. చేప వెంట ఫోకస్‌ను పరుగెత్తించదు. ఒక దూరానికి చేత్తో స్థిరపరచి, చేప అక్కడికి వచ్చేదాకా ఆగుతుంది. కన్ను స్పష్టంగా కనబడగానే నొక్కుతుంది.

చేపకు కనురెప్పలు లేవు. నా వెలుగు నుంచి కళ్లు మూసుకోలేదు. అందుకే ఆమె చీకట్లో నన్ను వెలిగించదు. అక్వేరియం దీపం వేసే ఉంచుతుంది, మధ్యమధ్య నాకూ వాటికీ విశ్రాంతి ఇస్తుంది. చేపలు బెదిరి మూలకు చేరితే ఆ పూటకు కెమెరా లోపల పెట్టేస్తుంది. బెదిరిన చేప రెక్కలు ముడుచుకుంటుంది. ఎంత స్పష్టంగా తీసినా ఆ ఫొటోలో డానియో అందం ఉండదు.

నన్ను కొనేవాళ్లు ముందుగా నా బలమెంత అని అడుగుతారు. నేను ఎంత తొందరగా ఆరిపోగలనో కూడా అడగమంటాను. వేగంగా కదిలే ప్రాణిని దాని దారిన తిరగనిచ్చి స్పష్టంగా చూడాలంటే, మనవైపు నుంచి కావలసింది కొద్దిపాటి వెలుగు, బోలెడంత ఓపిక.